మాళా మీది సామాను

తారాబాయి కంప్యూటర్ డబ్బాను భూదేవి తన నెత్తిన పెట్టుకుని తెచ్చింది. పాత చీరపేలికను చుట్టకుదురు చేసి, దాని మీద డబ్బా నిలబెట్టుకుని, చేయి కూడా పట్టకుండా, గల్లీలో అడ్డంగా ఆపిన చేతిబండి పక్కనుంచి నిటారుగా నడిచి వచ్చింది. వెనకాల తారాబాయి రెండు చేతులూ చాచి, పడితే పట్టుకునేటట్టు వస్తోంది.

"పడదక్కా," అంది భూదేవి తల తిప్పకుండా. "నాలుగిటికెలంత లేదు ఇది. దీనికి గింత భయమా?"

"ఇటికె పడితే ఇటికె పోతది. ఇది పడితే చాల్ పోతది," అంది తారాబాయి.

శంకర్రావు ఎదురు వెళ్ళి డబ్బాను దించుకుని బల్ల మీద పెట్టాడు. కామాటిపుర ఆరో గల్లీలో ఒంటిగది కాపురాల పాత కట్టడం ఆ చాల్; దాని కింది అంతస్తులో పద్నాలుగో ఖోలీ, అంటే గది, అతనిది. ఖోలీ ముందు సగం దుకాణం. పాత కంప్యూటర్లు కొంటాడు, బాగుచేస్తాడు, అమ్ముతాడు. వెనక సగం ఇల్లు. రెంటి మీదా చెక్కలు పరిచిన మాళా ఉంది. నిలబడితే తల తగిలే ఆ అటక మీద పంతొమ్మిదేళ్ళుగా భూదేవి కిరాయికి ఉంటోంది. దుకాణం మూలనుంచి పైకి ఏడు మెట్ల ఇనుప నిచ్చెన. ఆమె పొద్దున కూలీలు నిలబడే నాకా మీదికి పనికి పోయేటప్పుడు ఏడు చప్పుళ్ళు, సాయంత్రం వచ్చినప్పుడు ఏడు. ఆ లెక్కన శంకర్రావు గడియారం చూడకుండానే దుకాణం తెరిచేవాడు, దీపం వేసేవాడు.

"ఏమైందక్కా?" అన్నాడు మరలు విప్పే పుల్ల చేతిలోకి తీసుకుంటూ.

"సర్వే ఫారం తెర్సుకుంటలేదు శంకరూ. గోల్ గోల్ తిరుగుతది, ఆగిపోతది. ఇండ్ల ఉన్న సిస్టమ్ ముసల్దయిందట. కొత్తది ఎయ్యి. శుక్రారం సర్వేవాళ్ళొస్తరు, ఆలోపల అందరి కాయితాలు తియ్యాలె." తారాబాయికి అరవై దాటాయి. గల్లీ మొదట్లో టైపింగు, జిరాక్సు దుకాణం ఆమెది. "ఇగో, డి మాత్రం ముట్టకు. చాల్ అంతా అండ్లనే ఉన్నది."

చాల్‌ను పడగొట్టి కొత్త బిల్డింగ్ కడతారన్న మాట ఈసారి నిజమే అయ్యేట్టు ఉంది. పాత కాగితం చూపించినవాళ్ళకే కొత్త దాంట్లో గది. గోడలకు చెమ్మ, పెట్టెలకు చెదలు పట్టే చాల్‌లో కాగితం నిలవదని, పన్నెండు పదమూడేళ్ళుగా అందరూ తమ కిరాయి రసీదుల పావతులూ రేషన్ కార్డులూ తారాబాయితో స్కాన్ చేయించి ఆమె దగ్గరే ఉంచుకున్నారు. శంకర్రావు తండ్రి బాలయ్య కిరాయి పావతి అసలుది కూడా పోయిన ఏడాది ట్రంకుపెట్టెతో పాటు చెదల పాలైంది.

"తారక్కా, ఇరవై ఏండ్ల సంది అందరికీ చెప్పేదే నీకూ చెప్తున్న," అన్నాడు శంకర్రావు. "డిస్కును మనం రెండుగ కోసినం. సి అంటే కింద ఖోలీ. డి అంటే మాళా. ఖోలీ మొత్తం నీళ్ళు పోసి కడిగినా మాళా మీది సామాను తడుస్తదా?"

భూదేవి నవ్వి పైకి చూసింది. "తడవదు. నాకెర్కనే గదా." చుట్టకుదురు విప్పి దులుపుతూ, "నా చిట్టీ గూడ అండ్లనే ఉన్నదట సేట్," అంది.

"ఏ చిట్టీ?"

"మర్సినవా? హాస్టల్ల ఉన్నది గదా దాని బిడ్డ శ్రావణి, దాన్ని బడిల ఏసేటప్పుడు నువ్వే రాసిచ్చినవ్," అంది తారాబాయి. "భూదేవి నా ఖోలీ మాళా మీద రెండువేల ఆరు సంది ఉంటున్నది అని. కాయితం మొన్నటి వానకు ముద్దయిపోయింది. స్కాన్ తీసిపెట్టినం గాబట్టి బతికింది."

శంకర్రావుకు ఆ సంగతి నిజంగానే గుర్తు లేదు. ఎవరికో ఎప్పుడో రాసిచ్చిన చిట్టీ అది. "మా నాయన పావతి గూడ ఉన్నది గదా?" అన్నాడు.

"అందరిది ఉన్నది. నీ పేరు మీద ఫోల్డర్ నేనే పెట్టిన."

ఆడవాళ్ళిద్దరూ వెళ్ళారు. భూదేవి గడప దాటబోతూ ఆగింది. "భద్రమే గదా సేట్?"

"భద్రమే," అన్నాడు శంకర్రావు.

*

మంగళవారం పొద్దున డబ్బా మూత తీసి బ్లోయరు పెట్టాడు. జిరాక్సు దుకాణం దుమ్ము వేరు. నల్లగా, నూనె తగిలినట్టు అంటుకుని ఉంటుంది. కుంచెతో ఫ్యాను రెక్కలు తుడిచి, మెమరీ పట్టీని ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు పళ్ళు రుద్దాడు. ఏ పని చేతికి వచ్చినా అతను రెండే రెండు విషయాలు చూసుకునేవాడు: ఎంతసేపు పడుతుంది, తర్వాత ఎవరు అడుగుతారు. వ్యాపారం ఆ రెంటి మీదే నడిచింది. ఇప్పటిదాకా అతని దగ్గర డిస్కు ఇచ్చి ఏదో పోయిందని తిరిగి వచ్చినవాళ్ళు లేరు.

కొత్త సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టాడు. భాష అడిగింది, ఊరు అడిగింది, ఎక్కడ వేయాలని అడిగింది. సి చూపించాడు. ఒప్పుకోలేదు. ఈ డిస్కును పాత పద్ధతిలో భాగాలు చేశారు, దీని మీద నేను కూర్చోను అంది. సి ఒక్కటి తుడిస్తే చాలదు. గోడ తీసేసి, రెండు భాగాలూ కలిపి, ఖాళీ చేసి, మళ్ళీ కొత్తగా కోయాలి. అంటే మాళా మీది సామాను మొత్తం ముందు దించాలి.

అదేమీ కొత్త కాదు. ఇలాంటప్పుడు చేసే పని అతనికి తెలుసు. డిస్కును ఊడదీసి తన మిషనుకు తగిలించి, డిలో ఉన్నదంతా వేరే డిస్కు మీదికి నకలు తీసి, పని అయ్యాక తిరిగి పెట్టడం. గంటన్నర పని. తీగలు మార్చి తగిలించేసరికి గడపలో నీడ పడింది.

తుషార్ అట్ట పట్టుకుని నిలబడ్డాడు. మూడో అంతస్తు వాళ్ళబ్బాయి. బిల్డరు తరఫున చాల్‌లో పేర్ల జాబితా అతనే తయారుచేస్తున్నాడు.

"శంకర్ కాకా, నీ ఖోలీల ఎన్ని పేర్లు రాయాలె?"

"నాది, నా భార్యది. బిడ్డ కాన్పని మీ కాకి డోంబివ్లీ పోయింది, శుక్రారానికి రాదు."

"నడుస్తది. మాళా మీద?"

"భూదేవి ఉన్నది. నీకెర్క లేదా? చిన్నప్పుడు నీ ముక్కు తుడిసింది ఆమెనే."

"నాకెర్కనే కాకా. సర్వేకు ఎర్క ఉండాల్నా అని అడుగుతున్న." తుషార్ కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. "చూడు, సాఫ్ సాఫ్ చెప్త. ఒక ఖోలీల రెండు కాపురాలు పడినయనుకో, దాన్ని ఝగడా ఖోలీ అంటరు. నీ ఫైల్ బాజూకు పెడ్తరు. అందరి చేతికి తాళంచెవి వచ్చినంక గూడ నువ్వు హియరింగులకు తిరుగుతవ్. యాభై ఆరు ఏండ్లు నీకు. ఎన్నేండ్లు తిరుగుతవ్?"

"ఆమెకు వస్తదా గది?"

"ఏమో! వస్తదో రాదో దేవునికెర్క. నీది మాత్రం ఆగుతది, అది నాకెర్క. ఆమె తాన కాయితం లేకపోతే బాతే లేదు. అడిగేటందుకే నోరుండదు. ఉన్నదా?"

శంకర్రావు తీగ చివర వేలాడుతున్న డిస్కు వైపు చూశాడు. అరచేయంత ఇనుప బిళ్ళ. "ఏమో," అన్నాడు.

"లేదు అనే రాసుకుంట," అని తుషార్ లేచాడు. "మాళా మీద సామాను. గంతే."

అతను వెళ్ళాక శంకర్రావు డిని తెరిచాడు. నలభై మూడు ఫోల్డర్లు. తారాబాయి ఒక్కొక్కదానికీ ఒక పేరు పెట్టింది. శంకర్రావు తన పేరు వెతికాడు. ఉంది. లోపల నాలుగు ఫైళ్ళు. సరే. భూదేవి పేరు వెతికాడు. ఉంది. లోపల ఒకే ఫైలు. దాన్ని తెరవలేదు. తెరిస్తే చదవాలి. చదివితే, అందులో ఉండేది తన చేతిరాత.

అన్నిటినీ ఒకేసారి పట్టాడు. నలభై మూడు పేర్ల మీదా నీలం పరుచుకుంది. కంట్రోల్ మీటను ఎడమచేతి చిటికెన వేలితో నొక్కి పట్టి, భూదేవి పేరు మీద ఒక్కసారి నొక్కాడు. ఆ ఒక్క పేరు మీదనుంచి నీలం తొలగిపోయింది.

తుడిచెయ్యలేదు అనుకున్నాడు. ఎత్తిపెట్టలేదు, అంతే. రెంటికీ తేడా ఉంది. వ్యాపారంలో ఇచ్చి తీసుకున్నదే లెక్కకు వస్తుంది, ఇవ్వకుండా ఉన్నది ఏ లెక్కకూ రాదు. ఎంతసేపు? ఒక్క క్షణం. ఎవరు అడుగుతారు? చదువు రాని మనిషి.

నకలు పట్టీ ఆకుపచ్చగా పాకుతూ పోయింది. నలభై రెండు. అది అయ్యేదాకా అతను టీ కూడా తాగలేదు. తర్వాత డిస్కును తారాబాయి డబ్బాలో బిగించి, పెన్‌డ్రైవ్ పెట్టి, భాగాల పట్టిక దగ్గరికి వచ్చాడు. మొదటి దాన్ని తీసెయ్యమన్నాడు. పోయినది తిరిగిరాదు, సరేనా అంది. సరే. రెండో దాన్ని తీసెయ్యమన్నాడు. మళ్ళీ అదే అడిగింది. సరే. ఎవరికీ చెందని ఖాళీ స్థలంగా ఒకే గీత మిగిలింది. దాన్ని కొత్తగా రెండుగా కోశాడు. మధ్యాహ్నానికి కొత్త సిస్టమ్ లేచి, నీలం తెర మీద నమస్కారం పెట్టింది. నలభై రెండు ఫోల్డర్లనూ తిరిగి డిలో పెట్టాడు. పని చక్కగా వచ్చింది. నకలు పెట్టిన డిస్కు వేరే గిరాకీది. దాన్ని కూడా శుభ్రం చేసి పక్కన పెట్టాడు.

సాయంత్రం భూదేవి వచ్చింది. బల్ల మీది డబ్బాను చూసి, ఏమీ అడగకుండా, దేవుడి పటానికి పెట్టినట్టు దానికి ఒక చేయి ఎత్తి దణ్ణం పెట్టి నిచ్చెన ఎక్కింది. ఏడు.

*

బుధవారం తారాబాయి దుకాణం ముందు పది మంది వరుస కట్టారు. శంకర్రావు డబ్బాను బిగించి ఫారం తెరిచి చూపించాడు. తెరుచుకుంది. తారాబాయి ఒక్కొక్క పేరే పిలుస్తూ, ఫోల్డర్ తెరిచి, ప్రింటు తీసి చేతికిచ్చింది. వేడిగా వచ్చిన కాగితాన్ని కొందరు కళ్ళకద్దుకున్నారు. మూడో నంబరు ముసలామె తన మామ పావతిని చూసి, "మా మామ సంతకం పెట్టెటోడు కాదు, బొటనేలు. అగో, బొటనేలే," అని అందరికీ చూపించింది.

భూదేవి పనిమీదనుంచి నేరుగా వచ్చింది. కాళ్ళకు సున్నం, జుట్టులో సిమెంటు. అందరూ అయ్యాక ముందుకు జరిగింది.

"నాదక్కా."

తారాబాయి మీటలు నొక్కింది. పైకి జరిపింది, కిందికి జరిపింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి తెరకు దగ్గరగా వంగింది. "నీది... నీది కనిపిస్తలేదే."

"పాత డిస్కు అక్కా," అన్నాడు శంకర్రావు. ఈ మాట అతను నిన్ననే తయారుచేసి పెట్టుకున్నాడు. "అక్కడక్కడ కొరికినట్టయితది. ఒకటి ఖరాబై ఉంటది."

"మాళా మీది సామాను తడవదంటివి."

"మిషన్ అక్కా. మనిషి చెప్పినట్టు ఇంటదా?"

తారాబాయి ఏదో అనబోయింది. భూదేవి ఆమె భుజం మీద చేయి వేసింది. "పోనియ్ అక్కా. చిట్టీ పోతే ఏమాయె? రాసిన చెయ్యి ఉన్నది గదా." శంకర్రావు వైపు తిరిగింది. "ఇంకోటి రాసియ్యి సేట్. రెండు గీతలే గదా."

శంకర్రావు డబ్బా వెనక తీగను మళ్ళీ బిగించాడు. "పాత తారీఖు లేనిది చెల్లదు భూదేవమ్మా. ఇయ్యాల రాస్తే ఇయ్యాల్టిదే అంటరు."

"ఓ. గట్లనా," అంది భూదేవి. వాదించలేదు. గోరుతో మోచేతి మీది సిమెంటు గీకింది. "మీకు తెలుస్తది. నాకేం ఎర్క."

"నీదన్న తీస్త ఆగు," అంది తారాబాయి పొడిగా, శంకర్రావు ఫోల్డర్ తెరుస్తూ. నాలుగు ఫైళ్ళు. ఒక్కొక్కటే తెరిచింది. రేషన్ కార్డు. కరెంటు బిల్లు. అతని భార్య ఆధార్. చిన్న ఫోటో.

"పావతి ఏది?" అన్నాడు శంకర్రావు.

"అదే చూస్తున్న." మళ్ళీ మొదటినుంచి తెరిచింది. ఒక్కసారి చేయి మీటల మీదే ఆగిపోయింది. "అరె దేవా. శంకరూ, నీ పావతి నీ దాంట్ల లేదురా. భూదేవి కాయితం మీదనే ఉన్నది."

"ఏందక్కా నువ్వు అనేది?"

"మన చాల్ల అలవాటు ఏంది? మీ నాయన కాలం సంది ఎవలకు చిట్టీ రాసిచ్చినా, రాసేటోడి పావతి జిరాక్సు పై సగంల తీసి, కింద సగంల చిట్టీ రాస్తం. రెండు కాయితాలైతే ఒకటి పోతది, అన్నీ ఒక్కదాని మీదనే ఉండాలె అని. నీ పావతి గట్లనే తీసినం. వేరేగ స్కాన్ తీస్త ఉండు అంటే, మళ్ళెందుకక్కా, ఒకటే ఖోలీ గదా అన్నది నువ్వే!"

శంకర్రావు స్టూలు మీద కూర్చున్నాడు. ఇంకా అక్కడే నిలబడి ఉన్నవాళ్ళు తమ కాగితాలు చంకలో పెట్టుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. ఇంకొకరి నష్టం దగ్గర నిలబడితే తమకు అంటుకుంటుందన్నట్టు. భూదేవి మాత్రం వెళ్ళలేదు.

"సేట్, నీది గూడ పోయినట్టేనా?" అంది. తన చిట్టీ గురించి అన్నప్పుడు లేని బెదురు ఇప్పుడు గొంతులో ఉంది. "పెద్దాయన పావతి! దేవా, ఎట్ల మరి?"

ఆమె వెళ్ళాక తారాబాయి ప్రింటరు ఆపింది. దుకాణం ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"నలభై రెండు వచ్చినయ్," అంది అతని వైపు చూడకుండా. "ఆ ఒక్కటే ఎట్ల కొరికిందిరా నీ డిస్కు?"

అడగరు అనుకున్న ప్రశ్న అది. శంకర్రావు తీగలు ఊడదీసి డబ్బాను చంకలో ఎత్తుకున్నాడు. "తీసి చూస్త అక్కా. దొరుకుతది," అని మాత్రం అన్నాడు.

*

గోడలు తీసేసినా స్థలం స్థలంగానే ఉంటుంది. కొత్త సామాను వచ్చి కూర్చోనంతవరకు పాత సామాను ఎక్కడిదక్కడే పడి ఉంటుంది. దాని పేరు, చిరునామా మాత్రమే పోతాయి. ఇది అతనికి తెలిసిన విద్యే. గురువారం దుకాణం రెక్క సగమే ఎత్తి, డిస్కును తన మిషనుకు తగిలించి, పోయినవాటిని వెతికే ప్రోగ్రామును దాని మీదికి వదిలాడు. డిస్కు మీద ఇంకేమీ రాయకుండా జాగ్రత్తపడ్డాడు. ఆ జాగ్రత్త రెండు రోజుల కింద ఉండాల్సింది.

దొరికినవి దొరికినట్టు తెర మీద పడుతున్నాయి. దేనికీ పేరు లేదు, అన్నీ అంకెలే. ఎవరివో పెళ్ళి ఫోటోలు, మార్కుల పట్టీలు, తారాబాయి ఎప్పుడో తుడిచేసిన కరపత్రాలు, సగం కాలినట్టున్న ముఖాలు. వందలు దాటి వేలలోకి పోయాయి. ఒక్కొక్కటే తెరిచి, చూసి, మూస్తున్నాడు.

పైన చెక్కలు కదిలాయి. ఏడు మెట్లు దిగి భూదేవి వచ్చి అతని వెనక గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

"పనికి పోలే?"

"నాకా మీద ఎవలూ పిలువలే."

అబద్ధమని శంకర్రావుకు తెలిసింది. కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఆమె అసలు నాకాకే వెళ్ళలేదు. ఒక రోజు కూలి వదులుకుని కూర్చుంది.

"నాకు సదువు రాదు గని ఆ కాయితం ఎర్క సేట్. ఏండ్లు దాసుకున్న గదా. నువ్వు తిప్పు, నేను చూస్త. నీది దొరికితే నాది దొరికినట్టే."

అతను తిప్పాడు. ఆమె చూసింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. మధ్యలో ఆమె లేచి టీ తెచ్చి, ఒకటి అతని ముందు పెట్టి, మళ్ళీ అక్కడే కూర్చుంది. అతనికి వెనక్కి తిరిగి చూడాలని లేదు. వీపు మీద ఇటుకల గంప పెట్టినట్టు ఉంది. చెప్పేస్తే? చెప్పేస్తే ఏమవుతుంది? ఆమె ఏడవదు, తిట్టదు, అది కూడా లెక్క కట్టాడు. "మీకు తెలుస్తది సేట్" అంటుంది. అదే కష్టం.

"ఆగు! ఎన్కకు పో. అగో, ముద్ర," అంది భూదేవి ఒక్కసారి లేచి. "ఆ కోసకు నూనె మరక ఉన్నది గదా? అది మా ఇంట్ల పడ్డదే."

తెరిచాడు. పై సగం అద్దంలా ఉంది. ఇంటి యజమాని గుండ్రటి ముద్ర, ఖోలీ నంబరు పద్నాలుగు, బాలయ్య పేరు, పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు. దాని కింద మరాఠీలో తన చేతిరాత మొదటి వరస మొదలవుతూనే తెగిపోయింది. అక్షరాల పైగీత మాత్రం మిగిలింది, బట్టలు తీసేసిన తీగలాగ. ఆ గీత కిందనుంచి కాగితం చివరిదాకా ఒకటే బూడిదరంగు.

ఏం జరిగిందో చూడగానే అతనికి తెలిసింది. మంగళవారం అందరి కాగితాలూ తిరిగి పెట్టినప్పుడు, వాటిలో ఎవరిదో ఒకటి వచ్చి సరిగ్గా ఆ సగం మీద కూర్చుంది. అది తీసినా కిందది ఇక లేదు. అతను కోరుకున్నది, అతను కోరుకున్న కొలతకే కోసి చేతికి వచ్చింది. ఆమెది పోయి, తనది మిగిలింది.

"కిందంతా బూడిద ఏంది సేట్?"

"ఖరాబైంది."

"నా దిక్కేనా?"

"ఆ."

భూదేవి వేలు చాచి, తాకకుండా, ఆ బూడిదరంగు మీదుగా గాలిలో ఒకసారి గీసింది. "పోనియ్," అంది. "పెద్దాయనది దొరికింది. అదన్న దొరికింది." టీ గ్లాసులు రెండూ తీసుకుని కడగడానికి వెళ్ళింది.

చిట్టీ మళ్ళీ రాసియ్యమని అడగలేదు. అడుగుతుందేమోనని అతను సాయంత్రందాకా చూశాడు.

డిస్కును తిరిగి డబ్బాలో బిగించి, దీపాలు పెట్టేవేళకు తారాబాయి దగ్గరికి తీసుకెళ్ళి ప్రింటు తీయించాడు. ఆమె కాగితాన్ని పైనుంచి కిందికి చూసింది.

"కత్తెర కావాల్నా?" అంది.

"ఎందుకు?"

"కింద సగం పనికిరాదు గదా నీకు."

శంకర్రావు కాగితాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

*

శుక్రవారం పది గంటలకు సర్వే వచ్చింది. చేతిలో పలక లాంటి కంప్యూటరు, మెడలో గుర్తింపు కార్డు ఉన్న ఒకావిడ. ఆమె పక్కన అట్టతో తుషార్. ఒకటో నంబరునుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క గడప దగ్గరా కాగితం చూసి, సుద్దతో తలుపు మీద నంబరు వేసి, ముందుకు వస్తున్నారు. పద్నాలుగుకు వచ్చేసరికి శంకర్రావు కాగితం బల్ల మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన పెన్ను ఉంది. దాన్ని ఎప్పుడు పెట్టుకున్నాడో గుర్తు లేదు.

ఆవిడ పావతి చూసింది, ముద్ర చూసింది, పలక మీద ఫోటో తీసింది. కింది సగం మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అని మరాఠీలో అడిగింది.

"ఖరాబ్ జాలా, మేడం," అన్నాడు తుషార్. "పై భాగం చాలు."

ఆవిడ తలెత్తి చెక్కల వైపు చూసింది. నిచ్చెన చూసింది. "పైన ఎవరుంటారు?"

"కోణీ నాహీ. సామాను," అన్నాడు తుషార్, ఎవరూ లేరన్నట్టు చేయి ఊపుతూ.

పైన చిన్న చప్పుడైనా లేదు. భూదేవి పైనే ఉందని శంకర్రావుకు తెలుసు. పొద్దుననుంచి దిగలేదు. కూర్చున్నచోటనుంచి కదిలితే చెక్క కిర్రుమంటుంది. కదలకుండా కూర్చుంది. రెండు కాపురాల సంగతి తుషార్ ఆమె చెవిన కూడా వేసినట్టుంది; శంకర్రావు ఫైలు చెడకూడదని కూర్చుంది. పంతొమ్మిదేళ్ళలో ఆ చెక్కలు అంత మౌనంగా ఉండడం అతను వినలేదు.

"మాణూస్ ఆహే," అన్నాడు శంకర్రావు.

ఆవిడ అతని వైపు తిరిగింది.

"మనిషి ఉంది మేడం," అని మరాఠీలోనే మళ్ళీ చెప్పి, పెన్ను అందుకున్నాడు. బూడిదరంగు మీద నీలి సిరా సరిగా కనిపించలేదు. ఒక్కొక్క అక్షరాన్నీ రెండుసార్లు దిద్దాడు. భూదేవి నా ఖోలీ మాళా మీద రెండువేల ఆరు నుంచి ఉంటున్నది. సంతకం పెట్టాడు. ఖోలీ నంబరు వేశాడు. తారీఖు వేశాడు. చివరి అంకె కొంచెం కిందికి జారింది.

"ఇవాళ్టి తారీఖు వేశారేం?" అంది ఆవిడ.

"రాసింది ఇవాళ మేడం. ఉన్నది పంతొమ్మిదేళ్ళు. పాతది ఉండేది. నా చేతిలోనే పోయింది."

"కాకా!" అన్నాడు తుషార్ పళ్ళ మధ్యనుంచి, తెలుగులోకి దిగి. "ఏం చేస్తున్నవో ఎర్కనేనా?"

"ఎర్కనే."

ఆవిడ ఆ సగాన్ని కూడా ఫోటో తీసింది. "నేను మాట ఇచ్చేదేమీ లేదు," అంది. "రెండు పేర్లు కాబట్టి ఇది విచారణకు పోతుంది. ఎప్పుడు తేలుతుందో చెప్పలేను. మీది కూడా ఆగుతుంది. తెలుసుగా?"

తల ఊపాడు. ఆవిడ తలుపు మీద 14 వేసి, నిచ్చెన దగ్గరికి వెళ్ళి, పైకి తొంగి, "బాయీ, పేరు చెప్పండి," అని పిలిచింది. చెక్క కిర్రుమంది. సన్నగా, తడబడుతూ పేరు వినిపించింది. ఆవిడ రాసుకుని, మూడో మెట్టు మీద, కాలు పెట్టే చోటే, సుద్దతో 14-ఎ అని వేసి పక్క గడపకు నడిచింది.

తుషార్ వెనకే ఆగాడు. "నీ తాళంచెవి నువ్వే బాయిల ఏసుకున్నవ్ కాకా," అన్నాడు. నష్టం ఎంతో శంకర్రావుకు తుషార్ కన్నా బాగా తెలుసు. భార్యకు డోంబివ్లీకి ఫోన్ చేసి చెప్పాలి. ఆమె ఏమంటుందో కూడా తెలుసు.

భూదేవి దిగి వచ్చి, బల్ల మీది కాగితాన్ని చూసి, నీలి సిరాను చూసి, "చెయ్యి ఉన్నదంటి గదా," అంది నవ్వుతూ. నవ్వుతున్న ముఖం తడిసి ఉంది. "చెల్లదంటివి, చెల్లింది గదా సేట్!"

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు శంకర్రావు. నీ చిట్టీని డిస్కు కొరకలేదు అని. నోరు తెరిచాడు. "చెల్లిందో లేదో ఇంకా తెల్వదు భూదేవమ్మా," అన్నాడు. ఆ మాటే వచ్చింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంకా సగం రోజు ఉంది గదా అని, తట్ట తీసుకుని పనికి బయలుదేరింది.

మధ్యాహ్నం ఒక గిరాకీ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్త సిస్టమ్ వేయాలట. "డిలో ఉన్నది భద్రమే గదా భాయ్?" అన్నాడు. శంకర్రావు మరలు విప్పే పుల్ల చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాడు. ఇరవై ఏళ్ళ మాట నాలుక చివరే ఉంది. "ముందు నువ్వు ఎక్కడన్న నకలు పెట్టుకుని రా," అని డబ్బాను వెనక్కి జరిపాడు.

సాయంత్రం దీపం వేయబోతుంటే భూదేవి వచ్చింది. అతను తల ఎత్తలేదు, మెమరీ పట్టీ రుద్దుతున్నాడు. చెవులు మాత్రం అలవాటు కొద్దీ లెక్కపెట్టాయి. ఒకటి. రెండు. ఆ తర్వాత కొంచెం ఆగి, ఊపిరి బిగబట్టి కాలు చాపినట్టు ఒక పెద్ద అడుగు. మళ్ళీ మామూలుగా మూడు. చెక్కలు కిర్రుమన్నాయి.

ఆరు.

శంకర్రావు రబ్బరు ముక్క కింద పెట్టి నిచ్చెన వైపు చూశాడు. మూడో మెట్టు మీది సుద్ద అంకె చెదరలేదు.